విండోస్ ఎక్స్‌పైర్ అయింది, లాప్‌టాప్ లేవనంటోంది

పొద్దున్నే మా బాబాయిగారబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నా లాప్‌టాప్ ఎక్స్‌పైర్ అయిపోయిందట" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "మందుబిళ్లలకి ఎక్స్‌పైరీ ఉంటుంది గానీ లాప్‌టాప్‌కేంట్రా?" అన్నాను. "నాకేం తెలుసు, స్క్రీన్ మీద అదే రాసుంది. ఎన్నిసార్లు ఆన్ చేసినా అక్కడే ఆగిపోతోంది" అన్నాడు. ఫొటో తీసి పంపమన్నాను. నీలం స్క్రీన్. మీ పీసీకి రిపేర్ అవసరం అని పైన ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక భాగానికి గడువు తీరిపోయిందని దాని కింద ఉంది. ఇంకా కింద ఓ పొడుగాటి ఎర్రర్ కోడ్, చివర 605.

ఆ ఫొటో చూశాక నా నవ్వు ఆగిపోయింది. ఆ విండోస్ వేసింది నేనే. అంతకు ముందు ఏడాది, కొత్త ఫీచర్లన్నీ అందరికంటే ముందే నీకొస్తాయిరా అని ఊరించి, వాడి మెషీన్‌లో ప్రివ్యూ బిల్డ్ (ఇంకా పూర్తికాని, ముందస్తు పరీక్షకిచ్చే వెర్షన్) ఎక్కించాను. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. వాడేమో అప్‌డేట్స్ మాటిమాటికీ విసిగిస్తున్నాయని వాటిని ఆపేసుకున్నాడు. మా ఇద్దరి నిర్వాకం కలిసి ఆ రోజు పొద్దున నీలం స్క్రీనై కూర్చుంది. అందులో వాడి ప్రాజెక్ట్ రిపోర్ట్ ఉంది. బ్యాకప్ ఉందా అని అడిగితే ఫోన్‌లో చాలాసేపు ఏమీ వినపడలేదు.

ఆ లాప్‌టాప్ మళ్లీ లేచింది, రిపోర్టూ దొరికింది. అయితే ఆ తర్వాత ఇంకో నలుగురైదుగురు ఇదే మాట పట్టుకుని నన్ను అడిగారు. వాళ్లలో ఒక్కరిది కూడా మావాడి సమస్య కాదు. ఎక్స్‌పైర్ అన్న ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు సంగతులున్నాయి. వాటిలో కంప్యూటర్‌ని నిజంగా లేవనివ్వనిది ఒక్కటే. మిగతావి సణుగుతాయి, గోల చేస్తాయి, అంతే. ఏది ఏదో తేల్చుకోకుండా రిపేర్ మొదలుపెడితే, బాగానే ఉన్న డిస్క్‌ని ఫార్మాట్ చేసుకుని తర్వాత తల పట్టుకోవడమే అవుతుంది.

సపోర్ట్ ఆగడం వేరు, సిస్టమ్ ఆగడం వేరు

అందరూ ఎక్కువగా కంగారుపడేది ఇక్కడే. మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ముగించింది. ఆ తేదీ దగ్గరపడిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న వినిపిస్తుంది, మర్నాటి నుంచి నా కంప్యూటర్ పనిచేయదా అని. పనిచేస్తుంది. సపోర్ట్ ముగిసిందంటే కంపెనీ ఇక సెక్యూరిటీ ప్యాచ్‌లు మామూలుగా పంపదని మాత్రమే అర్థం. ఆ రోజు రాగానే బూట్‌ని, అంటే మెషీన్ లేవడాన్ని, ఆపేసే ఏర్పాటేదీ వాటి లోపల లేదు. ఎక్స్‌పీ వేసిన పాత మెషీన్‌ని ఇప్పుడు ఆన్ చేసినా, హార్డ్‌వేర్ బాగుంటే, ఆ పచ్చటి కొండ వాల్‌పేపర్‌తో సహా నిక్షేపంగా లేస్తుంది. ప్రమాదం లేదని కాదు. కొత్తగా బయటపడే లోపాలను పూడ్చేవాళ్లు లేరు కాబట్టి అలాంటి మెషీన్‌ని నెట్‌కి తగిలించడం మంచిది కాదు. విండోస్ 10 వాడే మామూలు జనానికైతే 2026 అక్టోబర్ 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్స్ తీసుకునే వీలు కూడా ఇచ్చారు.

మరి సపోర్ట్ ముగిసిన వారంలోనే కంప్యూటర్ చచ్చిపోయిందంటే? కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం అన్న మాట పుట్టిందే ఇలాంటివాటి కోసం. పదేళ్ల డిస్క్ ఎప్పుడో ఒకప్పుడు పోవాలి, ఆ వారమే పోయింది. లేదా భయంతో ఆఖరి నిమిషంలో కొత్త విండోస్‌కి అప్‌గ్రేడ్ మొదలుపెట్టి, సగంలో కరెంటు పోయి ఆగిపోయింది. నా దగ్గరికి వచ్చిన ఎక్స్‌పైరీ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రకమే.

యాక్టివేషన్, అంటే మీ కాపీ అసలైనదని లైసెన్స్‌తో రుజువు చేసుకోవడం, ఇంకో సంగతి. ఎక్స్‌పీ రోజుల్లో 30 రోజుల్లోగా యాక్టివేట్ చేయకపోతే లాగిన్ దగ్గరే ఆపేసేది, లోపలికి రానిచ్చేది కాదు. మొదట్లో వచ్చిన విస్టా కూడా గడువు దాటితే బ్రౌజర్ తప్ప ఇంకేమీ వాడనివ్వకుండా కట్టేసేది. 2008లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్‌తో ఆ పద్ధతి తీసేశారు. ఇప్పటి విండోస్ 10, 11లలో యాక్టివేషన్ లేకపోతే స్క్రీన్ మూల ఓ వాటర్‌మార్క్ కనిపిస్తుంది, వాల్‌పేపర్, రంగులు మార్చే సెట్టింగులకు తాళం పడుతుంది. బూట్ మాత్రం అవుతుంది. ఎక్స్‌పీ కాలంనాటి భయం జనం మనసులో అలాగే ఉండిపోయింది గానీ, ఆ శిక్ష ఇప్పుడు లేదు.

మూడోది ఎవాల్యుయేషన్ కాపీ. కొనేముందు వాడి చూసుకోమని ఇచ్చేది. విండోస్ ఎంటర్‌ప్రైజ్‌కి 90 రోజులు, విండోస్ సర్వర్‌కి 180 రోజులు ఇస్తారు. గడువు తీరాక డెస్క్‌టాప్ నల్లబడుతుంది, మీది అసలైన కాపీ కాదనే నోటీసు వచ్చి కూర్చుంటుంది, గంటకోసారి మెషీన్ దానంతటదే షట్‌డౌన్ అవుతుంది. మళ్లీ ఆన్ చేస్తే లేస్తుంది, ఇంకో గంటకి మళ్లీ పడుకుంటుంది. గంటకోసారి పడిపోతోందంటే చాలామంది ముందు ప్రాసెసర్ వేడెక్కుతోందేమో అనుకుంటారు, ఫ్యాన్ విప్పి దుమ్ము దులుపుతారు. వేడి వల్ల పడిపోయే మెషీన్ ఇంత సమయపాలన పాటించదు. సరిగ్గా గంట లెక్కన ఆగుతుంటే అది హార్డ్‌వేర్ కాదు, లైసెన్స్.

నాలుగోది మావాడిది. ప్రివ్యూ బిల్డ్. నిజంగా తలుపు మూసేది ఇదే.

లోపల ఏం జరుగుతుంది

పూర్తికాని సాఫ్ట్‌వేర్‌ని జనం చేతికిచ్చేటప్పుడు కంపెనీ అందులో ఒక తేదీ పెట్టి ఇస్తుంది. ఈ పద్ధతిని టైమ్ బాంబ్ అంటారు. పేరు భయంకరంగా ఉంది గానీ ఉద్దేశం సబబైనదే. సగం వండిన కోడ్, అందులో బోలెడు బగ్స్, దాన్ని పట్టుకుని ఎవరో నాలుగేళ్లు వాడితే వాళ్లకీ ప్రమాదం, కంపెనీకీ తలనొప్పి. అందుకే తేదీ దాటాక దాన్ని వదిలేసేలా చేస్తారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ప్రివ్యూ వాడేవాళ్లలో చాలామందికి ఈ నీలం స్క్రీన్ జీవితంలో కనపడదు. ఎందుకంటే కొత్త బిల్డ్ వచ్చినప్పుడల్లా దానితోపాటు కొత్త తేదీ వస్తుంది. అప్‌డేట్ అవుతున్నంత కాలం గడువు ముందుకు జరుగుతూ ఉంటుంది. మావాడిలా అప్‌డేట్స్ ఆపేసినవాళ్లూ, లాప్‌టాప్‌ని బీరువాలో పెట్టి ఏడాది తర్వాత తీసినవాళ్లూ దొరికిపోతారు.

ఒక్కసారిగా కూడా ఆపరు. విండోస్ 7 రిలీజ్ క్యాండిడేట్‌ని, అంటే విడుదలకు ముందు చివరి పరీక్ష వెర్షన్‌ని, 2009లో ఉచితంగా ఇచ్చారు. దాని గడువు 2010 జూన్ 1. కానీ మూడు నెలల ముందు, మార్చి 1 నుంచే, రెండు గంటలకోసారి షట్‌డౌన్ అవడం మొదలుపెట్టింది. పని చేసుకుంటుంటే సేవ్ చేసే అవకాశం కూడా ఇవ్వకుండా ఆగిపోయేది. పొమ్మనకుండా పొగబెట్టడం అంటే ఇదే. విండోస్ 10 పాత ప్రివ్యూ బిల్డ్‌ల విషయంలో 2015 అక్టోబర్ 1న గడువు తీరింది. అక్కడి నుంచి మూడు గంటలకోసారి రీస్టార్ట్. అక్టోబర్ 15 తర్వాత బూటే కాదు. అంటే హెచ్చరికలు, తర్వాత వేధింపు, చివరికి తలుపు మూయడం. మావాణ్ని అడిగితే, "అవునన్నయ్యా, రెండు వారాల నుంచి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది, ఏదో వైరస్ అనుకున్నా" అన్నాడు.

చివరి దశలో మెషీన్ ఆన్ చేయగానే, విండోస్ కెర్నల్‌ని (సిస్టమ్‌కి గుండెకాయలాంటి భాగాన్ని) మెమరీలోకి ఎక్కించే లోడర్ మదర్‌బోర్డ్ గడియారం చూసి, గడువు దాటిందని తేలితే ఆ నీలం స్క్రీన్ చూపించి ఆగిపోతుంది. లాగిన్ దాకా కూడా రానివ్వదు, అత్యవసర భాగాలతో మాత్రమే లేచే సేఫ్ మోడ్ కూడా ఆదుకోదు, ఎందుకంటే సేఫ్ మోడ్‌కి కూడా అదే కెర్నల్ లేవాలి. ఇక్కడ మనకు పనికొచ్చే మాట గడియారం. మదర్‌బోర్డ్ గడియారం ఏం చెబితే లోడర్ అదే నమ్ముతుంది. ఆ సమయంలో నెట్ ఉండదు, ఇంకెవర్నీ అడిగే దారి లేదు.

గడియారాన్ని నమ్ముకున్న తాళం ఎంత విచిత్రంగా పనిచేయగలదో 2008లో సర్వర్లు నడిపేవాళ్లు చూశారు. ఒకే యంత్రం మీద పది ఇరవై వర్చువల్ కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్ వీఎంవేర్ వాళ్లది, ఈఎస్ఎక్స్ అని. దాని 3.5 వెర్షన్‌కి రెండో అప్‌డేట్ విడుదల చేసేటప్పుడు, బీటాలో (పరీక్షకిచ్చిన వెర్షన్‌లో) పెట్టిన టైమ్ బాంబ్‌ని తీసేయడం మర్చిపోయారు. 2008 ఆగస్టు 12 తెల్లారేసరికి, డబ్బు కట్టి కొనుక్కున్న కస్టమర్ల దగ్గర కూడా, ఆపి ఉన్న వర్చువల్ మెషీన్లు ఆన్ అవడం మానేశాయి. నడుస్తున్నవి నడుస్తూనే ఉన్నాయి, ఆపితే మాత్రం మళ్లీ లేవవు. కంపెనీ సీఈఓ పాల్ మారిట్జ్ క్షమాపణ చెప్పారు. ప్యాచ్ వచ్చేలోపు చాలామంది చేసిన పని ఏంటంటే, సర్వర్ తేదీ రెండు మూడు రోజులు వెనక్కి తిప్పడం. అంత పెద్ద వ్యవస్థకీ ఉపాయం అంత చిన్నది.

ఆపిల్ మెషీన్లలో ఇదే తంతు కొంచెం వేరే రూపంలో కనిపించింది. మ్యాక్‌ఓఎస్ ఎప్పటికీ ఎక్స్‌పైర్ కాదు, కానీ దాన్ని ఇన్‌స్టాల్ చేసే ఫైల్ మీదుండే డిజిటల్ సంతకానికి గడువుంటుంది. 2019 అక్టోబర్ 24న ఒక సర్టిఫికెట్ గడువు తీరడంతో, అంతకు ముందు డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న ఇన్‌స్టాలర్లు డ్యామేజ్ అయ్యాయంటూ మొరాయించాయి. ఫైల్‌కి ఏమీ కాలేదు. కొత్తగా డౌన్‌లోడ్ చేసుకోవాలి, లేదంటే తేదీ వెనక్కి తిప్పాలి. ఉబుంటులాంటి లైనక్స్‌లలో ఈ బెడదే లేదు. సపోర్ట్ గడువు దాటితే అప్‌డేట్స్ ఆగుతాయి, మెషీన్ మామూలుగానే లేస్తుంది. క్రోమ్‌బుక్ కూడా అంతే.

ముందు స్క్రీన్ చదవండి

రిపేర్‌కి సంబంధించి నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. పవర్ బటన్ నొక్కాక ఎంత దూరం వెళ్లి ఆగింది, ఆగినచోట ఏం రాసింది, ఈ రెండూ తెలియకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు. బటన్ నొక్కితే లైటు కూడా వెలగకపోతే, వెలిగినా లోగో కనపడకపోతే, దానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కీ సంబంధం లేదు. పవర్, ర్యామ్, డిస్‌ప్లే చూసుకోవాలి. లోగో వచ్చి, బూట్ చేయడానికి డివైస్ లేదని నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు వస్తే, డిస్క్ కనపడట్లేదని అర్థం. పోయి ఉండొచ్చు, కేబుల్ ఊడి ఉండొచ్చు, లేదా ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి మర్చిపోయి ఉండొచ్చు. నవ్వకండి, ఇది నాకే రెండుసార్లు జరిగింది. లోగో కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతే డ్రైవర్‌నో, సగంలో ఆగిన అప్‌డేట్‌నో అనుమానించాలి.

గడువు వల్ల ఆగిన మెషీన్ ఆ మాట తనే చెబుతుంది. మావాడికి వచ్చిన 605 కోడ్ ఒకటి. ఎవాల్యుయేషన్ పీరియడ్ ముగిసిందని చెప్పే బ్లూ స్క్రీన్ ఇంకోటి, దాని నంబర్ 98. ఫలానా ఫైల్ డిజిటల్ సంతకాన్ని సరిచూడలేకపోతున్నానంటూ 428తో ముగిసే కోడ్ కూడా పాత ప్రివ్యూల మీద వస్తుంది, కానీ అది వేరే కారణాలతోనూ రావచ్చు. ఫైల్ పాడైనా, సంతకం లేని డ్రైవర్ చొరబడినా వస్తుంది. కాబట్టి 605 కనపడితే గడువేనని ఖాయం చేసుకోవచ్చు, 428 దగ్గర కొంచెం ఆగి ఆలోచించాలి.

మెషీన్ లేస్తుంటే ఈ ఊహాగానాలేవీ అక్కర్లేదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఇంగ్లీషులో విన్‌వెర్ (winver) అని టైప్ చేస్తే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. ప్రివ్యూ అయితే అందులోనే ఎవాల్యుయేషన్ కాపీ అనీ, ఫలానా తేదీకి గడువు తీరుతుందనీ ఒక లైన్ ఉంటుంది. ఆ లైన్ లేకపోతే మీ విండోస్‌కి ఈ రకం గడువు లేదు. ఇంత చిన్న పని నేను ఆ ఏడాదిలో ఒక్కసారి చేసినా ఈ కథ ఉండేది కాదు.

ఇక్కడే గడియారం గురించి ఒక పిట్టకథ. ఎవరైనా పొరపాటున బయాస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే మదర్‌బోర్డ్ సెట్టింగుల్లో) సంవత్సరం ముందుకు మార్చేస్తే, గడువు తీరని బిల్డ్ కూడా తీరిందనుకుని ఆగిపోతుంది. నాణెంలా ఉండే మదర్‌బోర్డ్ బ్యాటరీ చచ్చిపోతే దీనికి రివర్స్ జరుగుతుంది. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, విండోస్ లేస్తుంది గానీ బ్రౌజర్‌లో ఏ సైటూ తెరుచుకోదు. ఆ సైట్లు అసలైనవని చెప్పే డిజిటల్ సర్టిఫికెట్లు అప్పటికి ఇంకా పుట్టలేదు మరి. కాబట్టి బయాస్‌లోకి వెళ్లి తేదీ సరిగ్గా ఉందో లేదో చూడటం అర నిమిషం పని, అది ముందే చేయండి.

తేదీ వెనక్కి తిప్పడం

గడువు వల్లే ఆగిందని తేలాక, అదే తాళాన్ని అదే గడియారంతో తెరవవచ్చు. మెషీన్ ఆన్ చేస్తూ ఎఫ్2, డిలీట్, ఎఫ్10, ఎస్కేప్‌లలో మీ మోడల్‌కి ఏది పనిచేస్తే అది నొక్కుతూ బయాస్‌లోకి వెళ్లాలి. అక్కడ తేదీని గడువుకి ఒకట్రెండు నెలల ముందుకి పెట్టి, సేవ్ చేసి బయటికి రావాలి. మరీ ఏళ్ల వెనక్కి వెళ్లొద్దు, సర్టిఫికెట్లకి మొదలు తేదీ కూడా ఉంటుంది. చాలాసార్లు విండోస్ లేస్తుంది. కొన్ని బిల్డ్‌లు లేవవు, అప్పుడు కింద చెప్పే పెన్‌డ్రైవ్ దారే గతి.

బయాస్‌లో తేదీ తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దు. డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ వేసే ఎన్‌క్రిప్షన్ తాళం) ఉంటే, అక్కడి సెక్యూర్ బూట్‌లాంటి సెట్టింగులు మారగానే అది ఉలిక్కిపడి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మేం బిట్‌లాకర్ పెట్టుకోలేదే అనుకోవద్దు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా కొత్త లాప్‌టాప్‌లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది, కీ ఆ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది. ఫోన్‌లోంచి ఆ అకౌంట్ తెరిచి కీ ఉందో లేదో చూసుకుని, కాగితం మీద రాసుకుని, అప్పుడు బయాస్ జోలికి వెళ్లండి.

మావాడి విషయంలో తేదీ తిప్పగానే లాప్‌టాప్ లేచింది. ఫోన్‌లో వాడి అరుపు విని నేనూ సంబరపడ్డాను. వైఫై ఆపమని చెప్పేలోపే అది వాడి ఫోన్ హాట్‌స్పాట్‌కి అతుక్కుంది, విండోస్ నెట్‌లోంచి సరైన టైమ్ తెచ్చుకుని గడియారాన్ని బుద్ధిగా సరిచేసేసుకుంది. రిపోర్ట్ కాపీ చేయడం మొదలుపెట్టకుండా వాడు ముందు ఎవరికో మెయిల్ పంపడానికి కూర్చున్నాడు. కాసేపటికి రీస్టార్ట్, మళ్లీ అదే నీలం స్క్రీన్. రెండోసారి తేదీ తిప్పేటప్పుడు హాట్‌స్పాట్ ఆఫ్ చేయించాను, విండోస్ లేవగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టించాను.

ఈ ఉపాయం ఫైళ్లు బయటికి తెచ్చుకోవడానికి మాత్రమే. తప్పుడు తేదీతో మెషీన్‌ని రోజూ వాడుకుందామనుకుంటే కుదరదు. సైట్లు తెరుచుకోవు, మెయిల్ సింక్ అవదు, సేవ్ చేసిన ఫైళ్ల తేదీలన్నీ గందరగోళమవుతాయి, పైగా ఎప్పుడు నెట్ తగిలితే అప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

విండోస్ లేవకుండానే ఫైళ్లు తీయడం

తేదీ తిప్పినా లేవకపోతే ఇంకో కంప్యూటర్ కావాలి. అందులో 8 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి, మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే మీడియా క్రియేషన్ టూల్‌తో, ప్రివ్యూ కాని మామూలు విండోస్ ఇన్‌స్టాలర్ తయారుచేయాలి. మెషీన్‌లోనే ఉన్న రికవరీ ఆప్షన్ మీద ఆశ పెట్టుకోవద్దు, అది కూడా ఆ ప్రివ్యూ బిల్డ్‌తోపాటు వచ్చిందే.

ఆ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మొదటి స్క్రీన్ రాగానే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్లటి కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్ మెనూలోకి వెళ్లి ఓపెన్ నొక్కండి, కింద ఫైల్ రకం దగ్గర అన్ని ఫైళ్లు అని మార్చండి. ఇప్పుడు మీ ముందున్నది పేరుకి ఓపెన్ పెట్టె, నిజానికి చిన్నపాటి ఫైల్ ఎక్స్‌ప్లోరర్. మీ యూజర్ ఫోల్డర్‌లోకి వెళ్లి, కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టి, ఇంకో డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్ చేయవచ్చు. ఈ కిటుకు మొదటిసారి చూసినప్పుడు నాకు భలే సరదా వేసింది.

రెండు జాగ్రత్తలు. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మీకు అలవాటైనట్టు ఉండకపోవచ్చు. మీ సీ డ్రైవ్ ఇక్కడ డీ అనో ఈ అనో కనపడొచ్చు, కంగారుపడకుండా ఒక్కోటీ తెరిచి చూడండి. ఇంకోటి, కాపీ ఎంతవరకు అయిందో చూపించే గీత రాదు. పెట్టె కదలకుండా నిలబడిపోతుంది, హ్యాంగ్ అయిందనిపిస్తుంది. చాలామంది అక్కడే తొందరపడి ఆఫ్ చేసేస్తారు. పెద్ద ఫోల్డర్ అయితే వదిలేసి వేరే పని చూసుకోండి. డ్రైవ్ తెరుచుకోకుండా తాళం గుర్తు కనిపిస్తే అది బిట్‌లాకర్, కీ లేకుండా ముందుకు వెళ్లలేరు.

ఇదంతా చిరాకనుకుంటే ఉబుంటు పెన్‌డ్రైవ్ మీద వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా, ట్రై చేసే ఆప్షన్‌తో బూట్ చేయవచ్చు. మౌస్‌తో లాగి పడేసుకోవచ్చు, ఎంత కాపీ అయిందో కనపడుతుంది. నాకైతే ఇదే హాయి.

తర్వాత కొత్తగా వేయడం

ఫైళ్లు చేతికొచ్చాక మిగిలింది మామూలు పనే. ప్రివ్యూ బిల్డ్ గడువుని పొడిగించే దారి లేదు. తేదీ తిప్పి లేపిన విండోస్‌లోంచే మామూలు వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చేద్దామనుకోవచ్చు గానీ, ప్రివ్యూ బిల్డ్ నంబర్ బయటికొచ్చిన వెర్షన్ కంటే పెద్దదైతే సెటప్ మీ ప్రోగ్రాములను ఉంచడానికి ఒప్పుకోదు. దానికంటే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి శుభ్రంగా వేసుకోవడం మేలు. విండోస్ ఉన్న పార్టిషన్‌ని (డిస్క్‌లో ఆ భాగాన్ని) ఫార్మాట్ చేయకుండా దాని మీదే వేస్తే పాతదంతా విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. అయినా దాన్ని బ్యాకప్‌గా లెక్కేసుకోవద్దు. కొన్నాళ్లకి విండోస్ ఆ ఫోల్డర్‌ని తనే ఊడ్చేస్తుంది.

లైసెన్స్ గురించి అంత బెంగ అక్కర్లేదు. విండోస్ 8 కాలం నుంచి, ఫ్యాక్టరీలో విండోస్ వేసి అమ్మిన లాప్‌టాప్‌లలో కీ మదర్‌బోర్డ్‌లోనే ఉంటుంది. మొదట ఏ ఎడిషన్‌తో వచ్చిందో అదే వేస్తే నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. హోమ్‌తో వచ్చిన మెషీన్‌లో ప్రో వేసి యాక్టివేట్ అవ్వట్లేదని ఏడిస్తే లాభం లేదు.

ఎవాల్యుయేషన్ సర్వర్ నడిపేవాళ్లకి మాత్రం వెసులుబాటు ఉంది. రీఆర్మ్ అనే కమాండ్‌తో గడువుని కొన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టించుకోవచ్చు. కీ కొనుక్కుంటే డిస్మ్ అనే టూల్‌తో ఉన్నదాన్నే పూర్తి వెర్షన్‌గా మార్చుకోవచ్చు. అయితే ఆ సర్వర్ డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు నెట్‌వర్క్‌లో అందరి లాగిన్‌లూ చూసేది) అయితే ఇలా మార్చలేరు, ఆ బాధ్యతను ముందు ఇంకో సర్వర్‌కి అప్పగించాల్సిందే. ఎంటర్‌ప్రైజ్ ఎవాల్యుయేషన్‌కి ఆ మార్చుకునే దారి కూడా లేదు, మళ్లీ వేసుకోవడమే.

మావాడి లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ అయ్యేసరికి సాయంత్రమైంది. బయాస్‌లో తేదీ మళ్లీ సరిచేయించాను. రిపోర్ట్ తెరిచి చివరి పేజీ దాకా చూసుకున్నాడు. విన్‌వెర్ తెరిచి చదవమన్నాను. గడువు లైన్ లేదు. "మరి ఇది ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుంది అన్నయ్యా?" అన్నాడు.

నవ్వేసి ఊరుకునే ప్రశ్నే గానీ, దానికి నిజమైన జవాబు ఒకటుంది. బూట్ ఫైళ్లు అసలైనవో కాదో చూసుకోవడానికి సెక్యూర్ బూట్ వాడే మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు 2011లో జారీ అయినవి. వాటి గడువు 2026 జూన్ నుంచి అక్టోబర్‌లోపు ఒక్కొక్కటిగా తీరుతుంది. ఈ వార్త బయటికి రాగానే, ఆ రోజు నుంచి కంప్యూటర్లేవీ లేవవంటూ పుకార్లు మొదలయ్యాయి. మదర్‌బోర్డ్‌లో ఉండే ఫర్మ్‌వేర్ ఆ సర్టిఫికెట్ల గడువు తేదీని సాధారణంగా పట్టించుకోదు, సంతకం కలుస్తుందా లేదా అని మాత్రమే చూస్తుంది. కాబట్టి ఇప్పుడు లేస్తున్న మెషీన్ అప్పుడూ లేస్తుంది. కొత్త సర్టిఫికెట్లు అందని మెషీన్‌కి బూట్ భాగానికి సంబంధించిన కొత్త సెక్యూరిటీ అప్‌డేట్స్ మాత్రం రావు. ఆ కొత్త సర్టిఫికెట్లు చాలా మెషీన్లకి విండోస్ అప్‌డేట్ ద్వారానే వస్తాయి. వాడికి ఇదంతా చెప్పి, ఈసారి అప్‌డేట్స్ ఆపావంటే ఫోన్ ఎత్తనురా అన్నాను.